రేడియేషన్ వైద్యంలో పీచు పథ్యం: చెల్లెలి కూతురికి ఒక లేఖ

చిరంజీవి వసంతకు పెద్దమ్మ దీవెనలు.

నువ్వు ఫోనులో అడిగినదానికి అప్పటికప్పుడు రెండు మాటలు చెప్పి ఊరుకోవడం నాకు తృప్తినివ్వలేదు. మీ అమ్మకు పొత్తికడుపు భాగానికి రేడియేషన్ మొదలై మూడో వారం నడుస్తోందనీ, రోజుకు ఐదారుసార్లు విరేచనాలవుతున్నాయనీ చెప్పావు. చూడవచ్చిన బంధువులంతా కరెంటు పెట్టించుకున్న కడుపుకు పీచు తగలనివ్వకూడదని హెచ్చరించడంతో కూర, పప్పు, పండు అన్నీ మాన్పించి చారన్నం, బ్రెడ్డు, సగ్గుబియ్యం జావ మీదే ఉంచానన్నావు. క్యాన్సర్ ఆసుపత్రిలో ఆహార నిపుణురాలిగా పనిచేసినన్నాళ్లూ రోగులతో, వారి వెంట వచ్చిన కూతుళ్లతో, కోడళ్లతో నేను అన్నిటికన్నా ఎక్కువగా మాట్లాడింది ఈ విషయమే. అందుకే నువ్వు తీరికగా చదువుకుని, ఆసుపత్రికి వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లేలా రాస్తున్నాను. నా సలహా ఒక్కటే: అమ్మ చేత పీచును మాన్పించవద్దు, పీచు రకాన్నీ వండే తీరునూ మార్చు.

ముందు కడుపులో ఏం జరుగుతోందో తెలుసుకో. మీ అమ్మకు వచ్చిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలకు పైగా, సాధారణంగా 25 నుంచి 28 విడతల్లో, మొత్తం 45 నుంచి 50 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) వరకు బయటినుంచి రేడియేషన్ ఇస్తారు. దానికి తోడు లోపలినుంచి ఇచ్చే బ్రాకీథెరపీ ఉంటుంది. కిరణాలను ఎంత జాగ్రత్తగా గురిపెట్టినా గర్భాశయాన్ని ఆనుకునే చిన్నపేగు చివరి మెలికలు, పెద్దపేగు కింది భాగం, పురీషనాళం ఉంటాయి గనుక వాటికీ కొంత తగులుతుంది. పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజుల్లో పూర్తిగా కొత్తదవుతుంటుంది. అంత వేగంగా విభజన చెందే కణాల మీదే రేడియేషన్ దెబ్బ ఎక్కువగా పడుతుంది కాబట్టి, పాత కణాలు రాలిపోయినంత త్వరగా కొత్తవి పుట్టవు, ఆహారాన్ని పీల్చుకునే ఆంత్రచూషకాలు కురచవుతాయి. మొదటి వారం ఏమీ తెలియకుండా గడిచి రెండు, మూడు వారాలకు విరేచనాలు మొదలవడానికి కారణం ఇదే. ఎక్స్ కిరణాలను కనుగొన్నది 1895లో అయితే, అవి పేగులను బాధిస్తాయని 1897 నాటికే డేవిడ్ వాల్ష్ అనే ఆంగ్ల వైద్యుడు రాశాడు. కాబట్టి మీ అమ్మకు వచ్చినది వైద్యులకు తెలియని వింత కాదు, ఎవరో చేసిన పొరపాటూ కాదు; ఈ వైద్యం తీసుకునేవారిలో ఎక్కువమందికి ఎంతో కొంత ఎదురయ్యేదే.

ఈ విరేచనాలకు ఒకే కారణం ఉండదు. ఆంత్రచూషకాలు దెబ్బతిన్నప్పుడు పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ తగ్గిపోతుంది. అప్పుడు గ్లాసు పాలు తాగితే కడుపు ఉబ్బి, గుడగుడలాడి, నీళ్లగా పోతుంది. పైత్యరసంలోని ఆమ్లాలను తిరిగి పీల్చుకునే పని చిన్నపేగు చివరి భాగానిది. అది అలసినప్పుడు ఆ ఆమ్లాలు పెద్దపేగులోకి జారి అక్కడ నీటిని ఊరిస్తాయి. వేపుళ్లు, నూనె సరుకులు తిన్న రోజున అమ్మకు బాధ ఎక్కువైతే దీన్ని అనుమానించాలి. పేగులోని సూక్ష్మజీవుల సమతుల్యం చెదరడం మూడో కారణం. ఈ మూడింటిలో దేనికీ పీచు మూలం కాదని గమనించు. పైగా సరైన రకం పీచు వీటిలో కొన్నింటిని అదుపు చేయడానికి తోడ్పడుతుంది.

పీచులో నీటిలో కరిగేది, కరగనిది అని రెండు రకాలున్నాయి. కరిగే పీచు నీటిని పట్టుకుని జిగురులా మారుతుంది. పలుచటి మలానికి రూపాన్నిచ్చేదీ, పైత్య ఆమ్లాలను కొంత పట్టి ఉంచేదీ అదే. పొట్టు తీసిన పప్పు, ఓట్స్, అరటిపండు, ఉడికించిన క్యారెట్, తొక్క తీసి ఉడికించిన ఆపిల్, ఇసబ్గోల్ వీటిలో అది బాగా ఉంటుంది. కరగని పీచు ధాన్యాల తవుడులో, పప్పుల పొట్టులో, కాయల తొక్కల్లో, ఆకుకూరల కాడల్లో ఎక్కువ. అది మలాన్ని వేగంగా ముందుకు నెడుతుంది కాబట్టి ఒరుసుకుపోయిన పేగుకు ఈ రోజుల్లో ఇబ్బంది పెట్టవచ్చు. ఇక పెద్దపేగులోని మేలుచేసే సూక్ష్మజీవులు పీచును పులియబెట్టినప్పుడు బ్యుటిరేట్ అనే ఆమ్లం తయారవుతుంది. పెద్దపేగు లోపలి కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే. వారాల తరబడి చారన్నం, బ్రెడ్డు మీదే ఉంచితే, మరమ్మతు అవసరమైన వేళలోనే ఆ కణాలకు ఆహారం తగ్గించినట్లవుతుంది. బంధువుల మాట నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే, వాళ్ల మీద కోపం కాదు.

ఇది నా సొంత అభిప్రాయం అనుకోకు. రేడియేషన్ రోగులకు పీచు తగ్గించమని చీటీ రాసి ఇవ్వడం దశాబ్దాలుగా ఎన్నో దేశాల్లో ఆనవాయితీగా ఉంది, ఇప్పటికీ చాలాచోట్ల సాగుతోంది. ఆ ఆనవాయితీకి ఆధారం ఎంతుందో పరీక్షించడానికి లండన్‌లోని రాయల్ మార్స్‌డెన్ ఆసుపత్రి బృందం పొత్తికడుపు భాగానికి రేడియేషన్ తీసుకునే 166 మందిని మూడు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు తక్కువ పీచు, ఒక జట్టుకు వారి మామూలు ఆహారం, ఒక జట్టుకు ఎక్కువ పీచు ఇచ్చి చూసి, 2017లో ఫలితాలను ప్రచురించింది. పేగు బాధలను కొలిచే ప్రశ్నావళిలో చికిత్స ముగిసేనాటికి మామూలు ఆహారం తిన్న జట్టు సగటున 10.8 పాయింట్లు దిగజారితే, ఎక్కువ పీచు తిన్న జట్టు 3.7 పాయింట్లే దిగజారింది. ఏడాది తర్వాత చూసినా మామూలు జట్టు ఇంకా 8.4 పాయింట్ల వెనకే ఉంది; ఎక్కువ పీచు జట్టు మాత్రం మొదటి స్థితికి తిరిగి వచ్చింది. తక్కువ పీచు తిన్నవారికి ప్రత్యేకంగా మేలు కనిపించలేదు. ఇందులో నువ్వు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది: విరేచనాల సంఖ్యలో, గట్టిదనంలో జట్ల మధ్య చెప్పుకోదగిన తేడా రాలేదు. అందువల్ల పీచు తినిపించగానే విరేచనాలు ఆగిపోతాయని ఆశపడి, ఆగకపోతే నిరుత్సాహపడి, మళ్లీ చారన్నానికి తిరిగిపోవద్దు.

ఆ ప్రయోగంలో ఎక్కువ పీచు అంటే ఆనాటి బ్రిటిష్ లెక్కలో రోజుకు 18 గ్రాములు లేదా అంతకన్నా ఎక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో పీచును కొలిచే పద్ధతి వేరు కనుక, మన లెక్కలో అది దాదాపు 24 గ్రాములకు సమానం. ఈ అంకె చూసి భయపడకు. పాలిష్ పట్టిన బియ్యంలో 100 గ్రాములకు 3 గ్రాములలోపే పీచు ఉంటే, పెసరపప్పులో 9 గ్రాముల పైన, రాగుల్లో 11 గ్రాముల దాకా ఉంటుంది. రోజు మొత్తం మీద 200 గ్రాముల బియ్యం, 60 గ్రాముల పెసరపప్పు, పావుకిలో మెత్తటి కూరగాయలు, 40 గ్రాముల రాగిపిండి, రెండు అరటిపళ్లు కడుపులోకి వెళితే సుమారు 25 గ్రాములవుతుంది. మన ఇళ్లలో ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో తినే తిండే ఇది. కొత్తగా ఏదీ కొనిపెట్టనక్కర లేదు. అయితే అమ్మ ఇన్నాళ్లూ చారన్నం మీద ఉంది కాబట్టి ఒక్కరోజులో ఇక్కడికి చేర్చవద్దు. మొదట పప్పు, రెండు మూడు రోజులు చూసి కూర, ఆ తర్వాత పండు, రాగి జావ, ఇలా ఒక్కొక్కటే కలుపుతూ, ఏది కలిపినప్పుడు ఉబ్బరం వచ్చిందో రాసిపెట్టుకో.

వంట గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అసలు తేడా అంతా అక్కడే వస్తుంది. లేత సొరకాయ తీసుకుని చెక్కు తీసి, మధ్యలోని గింజలను, మెత్తటి బెండును తీసేసి, చిన్న ముక్కలు చేసి, కడిగిన పెసరపప్పుతో కలిపి, గరిటెతో మెదిపితే ముక్కా పప్పూ కలిసిపోయేంతవరకు కుక్కర్లో ఉడికించు. చెంచా నూనెలో జీలకర్ర, చిటికెడు ఇంగువ, కరివేపాకు వేసి తాలింపు పెట్టి, కరివేపాకును వడ్డించేముందు ఏరివేయి. పచ్చిమిరపకాయలు, ఎండుకారం ఇప్పుడు వద్దు. చప్పగా ఉందని అమ్మ అంటే, వాంతి వికారం లేని రోజైతే నాలుగు చుక్కల నిమ్మరసం పిండు. పొట్లకాయ, బీరకాయ, బూడిదగుమ్మడి, క్యారెట్ కూడా ఇదే తీరున చేసుకోవచ్చు. బీరకాయ తొక్కు పచ్చడి మాత్రం ఇంకొన్నాళ్లు ఆగాలి. రాగిపిండిని పలుచటి బట్టలో జల్లిస్తే పైపొట్టు చాలావరకు పోతుంది, పీచు కొంత తగ్గుతుంది కానీ ఈ మూడు, నాలుగు వారాల్లో అది మేలే. ఆ జావలో చల్లారాక మజ్జిగ కలిపి ఇవ్వు. అరటికాయను తొక్కతో ఉడికించి, తొక్క వలిచి, మెత్తగా మెదిపి అన్నంలో కలిపి పెట్టవచ్చు. చిన్నపిల్లల్లో తగ్గకుండా సాగే విరేచనాలకు ఉడికించిన అరటికాయ మేలు చేసిందని ఢాకాలో జరిగిన ప్రయోగం 2001లో వెలువడింది. అది రేడియేషన్ రోగుల మీద జరిగింది కాదు, అయినా అరిగీ అరగని ఆ పిండిపదార్థం పెద్దపేగులోని సూక్ష్మజీవులకు ఆహారమవుతుందన్న సూత్రం ఇక్కడా వర్తిస్తుంది.

ప్రస్తుతానికి పక్కన పెట్టవలసినవి కొన్ని ఉన్నాయి. గోంగూర, తోటకూర కాడలు, ములక్కాడ పిప్పి, జామపండు గింజలు, పచ్చి కొబ్బరి, పొట్టుతో ఉన్న శనగలు, క్యాబేజీ, ముల్లంగి వంటివి గాలిని పుట్టించడమో, గరుకుగా ఉండి ఒరుసుకోవడమో చేస్తాయి. ఈమధ్య ప్రతి ఇంట్లోనూ కొర్రలు, అరికెలు, సామలు అన్నానికి బదులుగా వాడటం పెరిగింది. అవి మంచి ధాన్యాలే, కానీ విరేచనాలు ముమ్మరంగా ఉన్న వారాల్లో మూడు పూటలా అవే పెట్టడం సరికాదు. పాల సంగతి పైన చెప్పాను: పాలు, పాలతో చేసే కాఫీ తగ్గించి, తాజాగా తోడు పెట్టిన పెరుగును పలుచటి మజ్జిగగా ఇవ్వు. రాత్రి అన్నంలో పెరుగు కలిపి తెల్లవారి పెట్టే చద్దన్నం బలమని మన పెద్దలు నమ్మేవారు, మామూలు రోజుల్లో నేనూ కాదనను. కానీ మీ అమ్మకు వారం వారం సిస్ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు కూడా ఎక్కిస్తున్నారు కాబట్టి తెల్ల రక్తకణాలు తగ్గి ఉండవచ్చు, గది వేడిలో నిలవున్న తిండి, బయట కోసి అమ్మే పండ్ల ముక్కలు అప్పుడు ప్రమాదం. మేలుచేసే సూక్ష్మజీవులుండే ప్రోబయాటిక్ గుళికలు వాడమని ఎవరైనా చెప్పినా అదే కారణం వల్ల వైద్యుణ్ణి అడగకుండా వేయవద్దు.

ఇసబ్గోల్ గురించి నువ్వు ప్రత్యేకంగా అడిగావు. మలబద్ధకానికి వేసుకునే పొట్టు విరేచనాలకెలా పనికొస్తుందని నీ సందేహం. నీరు తక్కువున్నచోట అది నీటిని పట్టి మలాన్ని మెత్తబరుస్తుంది, నీరు ఎక్కువున్నచోట ఆ నీటిని పీల్చుకుని మలానికి రూపమిస్తుంది. 2000లో కెనడాలో రేడియేషన్ రోగులతో జరిగిన ఒక చిన్న ప్రయోగంలో ఇది వాడినవారికి విరేచనాల తీవ్రత తగ్గింది. వైద్యుడు సరేనంటే అర చెంచాతో మొదలుపెట్టి, నిండు గ్లాసు నీటిలో కలిపి, గడ్డకట్టకముందే తాగించు. వెనువెంటనే ఇంకో గ్లాసు నీళ్లు ఇవ్వు. పొడిగా నోట్లో వేసుకోనివ్వవద్దు, గొంతులో ఉబ్బి అడ్డుపడుతుంది. పడుకోబోయే ముందు ఇవ్వవద్దు. మాత్రలకూ దీనికీ మధ్య రెండు గంటల వ్యవధి ఉంచు, లేకపోతే మాత్రలు సరిగా ఒంటబట్టవు. చక్కెర కలిపిన, రంగు, రుచి చేర్చిన పొడుల కన్నా మామూలు పొట్టే మంచిది.

నీళ్ల సంగతి పీచు కన్నా ముందుది. సిస్ప్లాటిన్ మూత్రపిండాల మీద భారం వేసే మందు; ఆ మందు నడుస్తుండగా విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే ఆ భారం రెట్టింపవుతుంది. మూత్రం ముదురు రంగులోకి మారినా, పూటలు గడిచినా రాకపోయినా, లేవగానే కళ్లు తిరిగినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని దాని మీద రాసి ఉందో లేదో చూడు. లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, మరి రెండు లవణాలు ఉండేది ఆ సూత్రం. పళ్లరసంలా తియ్యగా ఉండి ఓఆర్‌ఎస్ అన్న పేరు తగిలించుకుని అమ్ముడవుతూ వచ్చిన పానీయాల్లో చక్కెర అంతకన్నా ఎన్నో రెట్లుండి విరేచనాలను పెంచుతుంది. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఆ పానీయాలకు ఆ పేరు వాడరాదని ఆదేశించడం వెనుక హైదరాబాదుకు చెందిన ఒక పిల్లల వైద్యురాలి ఏళ్ల పోరాటం ఉంది. చికిత్స గదిలోకి వెళ్లేముందు నీళ్లు తాగి మూత్రం ఆపుకొమ్మని వాళ్లు చెప్పడం కూడా ఊరికే కాదు: నిండిన మూత్రాశయం పేగులను పైకి నెట్టి కిరణాల దారినుంచి కొంత తప్పిస్తుంది. అమ్మ మొహమాటంతో సగం నీళ్లే తాగి వెళ్లకుండా చూసుకో.

మొహమాటం అన్నాను కాబట్టి ఇంకొక్క మాట. మన ఆడవాళ్లు చాలామంది విరేచనం సంగతి మగ డాక్టరు దగ్గర చెప్పరు, దారిలో బస్సులోనో ఆటోలోనో ఇబ్బంది అవుతుందని చికిత్స రోజున ఉదయం నుంచి ఏమీ తినరు. అలా రోజూ ఒక పూట మానేస్తే వారాల్లోనే బరువు తగ్గిపోతుంది. బరువు బాగా తగ్గితే కిరణాల గురి కోసం మొదట గీసిన గుర్తులకూ శరీరానికీ పొందిక తప్పి, మళ్లీ కొలతలు తీసుకోవలసి రావచ్చు. నువ్వు అమ్మను సూటిగా అడుగు, ఒక చిన్న పుస్తకంలో రోజుకు ఎన్నిసార్లయిందో, నీళ్లగానా ముద్దగానా, జిగటా రక్తమా, ఆ రోజు ఏం తిన్నదో రాయి, ఆ పుస్తకాన్ని డాక్టరు ముందు పెట్టు. ఆవిడ నోటితో చెప్పనక్కర లేకుండా పని జరుగుతుంది. వైద్యులు తీవ్రతను మామూలుకన్నా ఎన్నిసార్లు పెరిగిందన్న లెక్కతోనే నిర్ణయిస్తారు: నాలుగుకు లోపు పెరిగితే స్వల్పం, నాలుగు నుంచి ఆరు మధ్యస్థం, ఏడు లేదా అంతకు మించితే తీవ్రం. తీవ్రమైనా, జ్వరం వచ్చినా, రక్తం కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగవద్దు. విరేచనాలను ఆపే లోపెరమైడ్ వంటి మాత్రలు వాళ్లు చెప్పిన మోతాదులోనే వాడు. జ్వరమున్నప్పుడు సొంతంగా అసలే వద్దు.

నేనింత గట్టిగా పీచు పెట్టమంటున్నా, పెట్టకూడని సందర్భాలున్నాయి. గతంలో కడుపు ఆపరేషన్ అయి పేగులు అతుక్కుని ఉన్నా, పేగు ఎక్కడైనా ఇరుకైందని వైద్యులు చెప్పినా పీచు తక్కువ ఆహారమే సరైనది, ఎందుకంటే ఇరుకైన చోట పీచు ఉండలా చేరి దారి మూసేయగలదు. తిన్నాక మెలిపెట్టే నొప్పి, ఉబ్బిన పొట్ట, వాంతులు, మలంగానీ గాలిగానీ పోకపోవడం కలిసి వస్తే పీచు, ఇసబ్గోల్ వెంటనే ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి. మీ ఆసుపత్రివాళ్లు పీచు తగ్గించమని చీటీ ఇచ్చి ఉంటే దాన్ని ధిక్కరించమని నేను అనడం లేదు. "మా అమ్మకు ప్రత్యేకంగా ఏదైనా కారణం ఉందా, లేక అందరికీ ఇచ్చే చీటీయేనా, పొట్టు తీసిన పప్పూ మెత్తటి కూరా పెట్టవచ్చా?" అని అక్కడి ఆహార నిపుణులను అడుగు. ఇలా అడిగితే ఎవరూ తప్పుపట్టరు, జవాబు మీ అమ్మ ఒంటికి తగినట్లుగా వస్తుంది.

చికిత్స అయిపోయాక విరేచనాలు చాలామందికి కొన్ని వారాల్లో, కొందరికి రెండు, మూడు నెలల్లో సర్దుకుంటాయి. అప్పుడు జల్లించని రాగిపిండి, ఆకుకూరలు, జామపండు, పొట్టు పప్పులు ఒక్కొక్కటే వెనక్కు తీసుకురా; పథ్యం అలవాటైపోయి ఏళ్ల తరబడి బ్రెడ్డు మీద బతికేవాళ్లను చూశాను, అది అనవసరమైన శిక్ష. అయితే రేడియేషన్ ప్రభావం ఆర్నెల్లకో, రెండు మూడేళ్లకో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగానో మళ్లీ తలెత్తవచ్చు: మలంలో రక్తం, జిడ్డుగా తేలే మలం, ఆపుకోలేని తొందర, కారణం తెలియని నీరసం. చిన్నపేగు చివరి భాగమే విటమిన్ బీ12ను పీల్చుకునేది కనుక ఏడాదికొకసారి ఆ పరీక్ష చేయించడం గురించి వైద్యులతో మాట్లాడు. జిడ్డు మలానికి పైత్య ఆమ్లాలు కారణమైతే దానికి వేరే మందుంది, పీచుతో సరిపెట్టుకోకూడదు. రక్తం కనిపించినప్పుడు మూలశంక అని ఇంట్లో తేల్చేసుకోకుండా చూపించు. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా, ఎన్నేళ్లు గడిచినా, పొత్తికడుపుకు రేడియేషన్ తీసుకున్న మనిషని ముందే చెప్పి, చికిత్స ముగిసినప్పుడు ఇచ్చిన సారాంశం కాగితం చూపించు. రేడియేషన్ సోకిన పురీషనాళపు ముందు గోడనుంచి ముక్క తీస్తే ఆ పుండు మానక రంధ్రం పడే ప్రమాదం ఉంటుంది, ఆ సంగతి తెలిస్తే వాళ్లు ముక్క తీయాలా వద్దా అని ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఇంకో రెండు జిరాక్సులు తీయించి, ఒకటి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ